వీసా వచ్చేదాకా సొంతూళ్లో: అమెరికాలో ఉన్న భర్తను చేరేలోపు గోదావరి డెల్టాలో నివాసం, కాగితాలు, ఉద్యోగం

అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్న అబ్బాయితో పెళ్లయి, సెలవు ముగిసి ఆయన తిరిగి వెళ్లిపోయాక, హైదరాబాదులో అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఉద్యోగం చేసుకోవాలా, అన్నీ సర్దుకుని రాజోలు పక్కనున్న మా ఊరికి వచ్చేయాలా అన్న ప్రశ్న నా ముందుకు వచ్చింది. నేను ఊరికి వచ్చేశాను. ఆ నిర్ణయం తప్పు కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ వచ్చిన మొదటి నాలుగు నెలలూ వీసా మరుసటి నెలలోనే చేతికి వస్తుందన్నట్లుగా గడిపాను. పెట్టెలు విప్పలేదు, ఇంటికి ఇంటర్నెట్ పెట్టించలేదు, ఉద్యోగానికి ఒక్క దరఖాస్తు కూడా పంపలేదు. ఆ నాలుగు నెలల్లో పోగొట్టుకున్న జీతంకంటే, ఉద్యోగ చరిత్రలో పడిన ఖాళీ నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టింది.

అందుకే ఇందులో చెప్పే ప్రతి సలహాకూ ఆధారం ఒక్కటే. వీసా ఎనిమిది నెలల్లో వచ్చినా, మూడేళ్లకు వచ్చినా చెడిపోని ఏర్పాట్లు చేసుకోవాలి. నివాసమైనా, డబ్బైనా, ఉద్యోగమైనా ఆ కొలతకు నిలబడుతుందా అని చూసుకున్నాకే అడుగు వేయాలి. నేను భార్యగా నా అనుభవం నుంచి రాస్తున్నాను కాని, భార్య అక్కడ ఉండి భర్త ఇక్కడ ఎదురుచూస్తున్నా వివరాలు మారవు.

సామాను సర్దకముందే, మీరు ఏ వరసలో ఉన్నారో తెలుసుకోండి

"వీసాకి పెట్టాం" అనే ఒక్క మాటతో ఇంట్లో అందరూ సరిపెట్టుకుంటారు. అయితే మీరు ఊళ్లో ఎంత కాలం ఉండబోతున్నారన్నది ఆ పెట్టింది ఏమిటన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. భర్త హెచ్1బీ మీద ఉంటే భార్యకు హెచ్4 వస్తుంది. అది తాత్కాలిక వీసా కాబట్టి నిరీక్షణ ముఖ్యంగా ఇంటర్వ్యూ తేదీ దొరకడం గురించే ఉంటుంది, దాని కోసం ఊరు మారవలసిన అవసరం చాలామందికి రాదు. భర్త అమెరికా పౌరుడైతే, భార్యను అక్కడికి రప్పించుకోవడానికి ఆయన ఐ-130 పెటిషన్ వేస్తారు. పౌరుల జీవిత భాగస్వాములకు ఏటా ఇచ్చే వీసాల మీద సంఖ్యా పరిమితి లేదు కాబట్టి పెటిషన్ పరిశీలనకు, ఆ తరువాతి కాగితాల పనికి పట్టే కాలమే నిరీక్షణ. భర్తకు గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే అదే ఐ-130 మీద మీరు ఎఫ్2ఏ అనే వర్గంలోకి వస్తారు. ఆ వర్గానికి సంఖ్యా పరిమితి ఉంది కాబట్టి, పెటిషన్ ఆమోదం పొందినా మీ వంతు వచ్చేదాకా ఆగాలి.

ఎఫ్2ఏ వరస ఎంత అనిశ్చితమో ఒక్క ఉదాహరణ చాలు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ ప్రచురిస్తుంది. 2023 మార్చి బులెటిన్ దాకా ఈ వర్గానికి నిరీక్షణే లేదు. ఏప్రిల్ బులెటిన్‌లో తేదీ ఒక్కసారిగా 2020 సెప్టెంబరు 8కి వెనక్కి జరిగింది, అంటే ఆ తేదీకి ముందు పెటిషన్ వేసినవారికే వంతు వస్తుంది. ఫిబ్రవరిలో "ఇక రెండు మూడు నెలలే" అనుకున్న కుటుంబాలకు ఏప్రిల్‌లో ఏళ్ల నిరీక్షణ ముందుకొచ్చింది. ఉద్యోగాల కోటాలో భారతీయులకు కనిపించే అతి పొడవైన వరస మాత్రం ఇక్కడ లేదు. ఎఫ్2ఏ వీసాల్లో 75 శాతానికి దేశాలవారీ పరిమితి వర్తించకపోవడమే అందుకు కారణం.

చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటుంది: పెళ్లి ముందు జరిగిందా, గ్రీన్‌కార్డు ముందు వచ్చిందా? భర్తకు ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చిన నాటికే మీ పెళ్లయి ఉంటే, మీరు ఎఫ్2ఏ వరసలో నిలబడవలసిన పని లేకపోవచ్చు. భర్త వెంట తరువాత వచ్చి చేరే భార్యగా, ఐ-824 దరఖాస్తు మార్గంలో వెళ్లే వీలుంటుంది. ఊరికి వచ్చేముందు మీ ఆయన చేత ఒక వలస న్యాయవాదిని ఈ ఒక్క ప్రశ్న అడిగించండి. దానికయ్యే ఫీజు దండగ కాదు.

భర్త గ్రీన్‌కార్డు కాలం అయిదేళ్లకు దగ్గరపడుతుంటే మరో సంగతి లెక్కలోకి తీసుకోవాలి. ఆయన పౌరసత్వం పొందిన రోజున మీ పెటిషన్ పౌరుడి భార్య వర్గంలోకి మారుతుంది, వరసలో ఆగవలసిన పని ఉండదు. కాని ఎఫ్2ఏలో తల్లితోపాటే వెళ్లగలిగే పిల్లలకు ఆ కొత్త వర్గంలో ఆ సౌకర్యం ఉండదు, ఒక్కొక్కరికీ విడిగా పెటిషన్ వేయాలి. పిల్లలున్నవారు ఈ విషయం ముందే న్యాయవాదితో మాట్లాడుకోవాలి.

ఈలోపు సందర్శక వీసా మీద ఒకసారి చూసి వస్తానని ఆశపడటం సహజం. వలస పెటిషన్ నడుస్తున్నవారు తిరిగి వస్తారని అధికారిని నమ్మించడం కష్టం, తిరస్కరణలు ఎక్కువ. దరఖాస్తు చేస్తే మాత్రం, మీ పేరున వలస పెటిషన్ ఉందా అన్న ప్రశ్నకు నిజమే రాయాలి. అక్కడ దాచిన విషయం రేపు అసలు వీసాకే అడ్డం వస్తుంది.

నగరం వదిలే ముందు అక్కడే తీసుకోవలసినవి

ఊరికి వచ్చాక హైదరాబాదు నుంచి ఒక కాగితం తెప్పించుకోవడం ఎంత కష్టమో వచ్చాకే తెలుస్తుంది. భార్య కోసం వేసే పెటిషన్‌తో పాటు వెళ్లే ఐ-130ఏ పత్రంలో గత అయిదేళ్లలో మీరు ఉన్న చిరునామాలు, చేసిన ఉద్యోగాలు నెలలతో సహా అడుగుతారు. తరువాత నింపే వలస వీసా దరఖాస్తు డీఎస్-260లోనూ పాత ఉద్యోగాల వివరాలు ఉంటాయి. అందువల్ల రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, అద్దె ఒప్పందం నకలు తీసుకోకుండా బస్సెక్కకండి. హాస్టల్లో ఉన్నవారు చేరిన తేదీ, ఖాళీ చేసిన తేదీ రాసిపెట్టుకోండి. పీఎఫ్ ఖాతా యూఏఎన్‌కు మీ చేతిలో ఉండే ఫోను నంబరే ముడిపడి ఉందో లేదో చూసుకోండి. డబ్బు ఇప్పుడే తీయకండి, తరువాతి ఉద్యోగానికి ఖాతా బదిలీ అవుతుంది.

అన్నిటికంటే ముందు, ఉన్న ఉద్యోగాన్ని ఇంటి నుంచి చేయనిస్తారా అని అడగండి. నేను అడగలేదు. రాజీనామా ఇచ్చిన నెల తరువాత, అదే బృందంలో మరొకరికి ఆ అవకాశం ఇచ్చారని తెలిసింది.

పుట్టిల్లా, అత్తిల్లా

దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు, కాని రెండు వైపులా పెద్దవాళ్లు చెప్పని ఒక కోణం ఉంది. ఈ నివాసం రోజుకు ఎనిమిది గంటలు తలుపు వేసుకుని పని చేయగలిగిన చోటు కావాలి. మా అత్తగారిల్లు పాలకొల్లు వైపు, చించినాడ వంతెన దాటితే ఎంతో దూరం లేదు. అక్కడ ఉంటే బాగుంటుందని అందరూ అన్నారు, అత్తయ్యగారు కూడా ప్రేమగానే పిలిచారు. అయితే ఆ ఇంట్లో పొద్దున్నుంచీ వచ్చిపోయే చుట్టాలు, మధ్యగదిలో టీవీ. కొత్త కోడలు తలుపు వేసుకుని కూర్చుంటే చూసేవారికి అది వేరేగా కనిపిస్తుంది. అందుకని వారంలో అయిదు రోజులు పుట్టింట్లో ఉండి, శని ఆదివారాలూ పండుగలూ అత్తవారింట్లో గడపాలని మొదటి నెలలోనే, ఆయన చేత వాళ్ల అమ్మగారికి చెప్పించి, ఒప్పందం చేసుకున్నాం. మాట భర్త నోటి నుంచి రావడం ముఖ్యం. కోడలు చెబితే కోరికలా వినిపించేది, కొడుకు చెబితే ఏర్పాటులా వినిపిస్తుంది.

పుట్టింట్లో ఉన్నా నెలకు ఇంత అని ఇంటి ఖర్చుకు ఇవ్వండి. నాన్న తీసుకోనంటే కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు మీ పేరు మీదకు మార్చుకోండి. ఏడాది గడిచాక మీరు అతిథి కారని, ఆ ఇంట్లో మీ వంతు మోస్తున్నారని మీకే ధైర్యంగా ఉంటుంది.

ఊళ్లో అడిగే ప్రశ్నకు ఒక స్థిరమైన జవాబు సిద్ధం చేసుకోండి. "ఏవమ్మా, ఇంకా కబురు రాలేదా?" అని గుడి దగ్గర, సంతలో, పెళ్లి పందిట్లో అడుగుతూనే ఉంటారు, వాళ్ల మనసులో చెడు ఉండదు. "వరసలో ఉందండీ, ఈలోపు ఉద్యోగం చేసుకుంటున్నాను" అన్న వాక్యంలో రెండో సగం నిజమైనప్పుడు మొదటి సగం చెప్పడం తేలికవుతుంది.

కాగితాలు: ఊళ్లో ఉండటం వల్ల కలిగే అసలైన లాభం

సొంతూళ్లో ఉన్నప్పుడు తేలికగా అయ్యి, అమెరికా నుంచీ హైదరాబాదు నుంచీ కష్టమయ్యే పని ఇదే. జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టండి. మన ప్రాంతంలో చాలామంది పుట్టింది పక్క పట్టణంలోని నర్సింగ్ హోమ్‌లో, నమోదు అక్కడి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో జరిగి ఉంటుంది, బడిలో రాయించింది మాత్రం సొంతూరు. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఒకటి, జనన ధ్రువపత్రంలో మరొకటి ఉంటే ఇంటర్వ్యూలో ప్రశ్న వస్తుంది. బిడ్డకు పేరు పెట్టకముందే నమోదు చేయడం వల్ల పేరు గడి ఖాళీగా ఉండే పత్రాలు కూడా ఎన్నో. నా పత్రంలో అమ్మ పేరు ఇంట్లో పిలిచే పేరుతో ఉంది, ఆధార్‌లో అసలు పేరుతో ఉంది. దాన్ని సరిదిద్దించడానికి ఒక కార్యాలయం చుట్టూ అయిదు నెలలు తిరిగాను. ప్రతిసారీ ఒక్కో కొత్త కాగితం అడిగారు. నాలుగోసారి వెళ్లినప్పుడు, కావలసినవన్నీ ఒకేసారి రాసి ఇవ్వమని అడిగి, ఆ జాబితా కింద తేదీ వేయించుకున్నాను. ఆ పని మొదటి రోజే చేసి ఉంటే మూడు నెలలు మిగిలేవి.

నమోదే జరగకపోతే, రికార్డు దొరకలేదన్న ధ్రువపత్రం ముందు తీసుకుని, ఆలస్యపు నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కోసం దరఖాస్తు చేయాలి. ఇవి సచివాలయంలోనో మీసేవలోనో మొదలయ్యే పనులే అయినా రోజులు పడతాయి. కాబట్టి వీసా బులెటిన్‌లో మీ తేదీ దగ్గరపడే దాకా ఆగకుండా వచ్చిన మొదటి నెలలోనే మొదలుపెట్టాలి.

డెల్టావారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీశాక పాత తూర్పు గోదావరిలోని అమలాపురం, రాజోలు ప్రాంతాలు కోనసీమ జిల్లాలోకి వచ్చాయి. పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. అంతకు ముందు తీసిన పాస్‌పోర్టులో, పదో తరగతి పత్రంలో పాత జిల్లా, తరువాత తీసిన పెళ్లి పత్రంలో కొత్త జిల్లా ఉంటాయి. ఇది తప్పు కాదు, పాత పత్రాలన్నీ మార్పించుకోవలసిన అవసరమూ లేదు. కాని దరఖాస్తులన్నిటిలో పుట్టిన చోటును పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి జిల్లాలు మారిన తేదీ గుర్తుంచుకోండి.

పేర్ల విషయంలో మన పద్ధతి వేరు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత, పొట్టి అక్షరాలతో రాసే అలవాటు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉందా, అక్షరమే ఉందా, ఆధార్‌లో ఎలా ఉంది, డిగ్రీ పట్టాలో ఎలా ఉంది అన్నది ఒక కాగితం మీద వరసగా రాసుకుని చూడండి. పెళ్లయిందని ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు, వీసాకు కూడా అవసరం లేదు. పెటిషన్ ఒక పేరుతో వేశాక మధ్యలో పాస్‌పోర్టు మార్చుకోవడమే చిక్కులు తెస్తుంది.

వివాహ నమోదు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో జరుగుతుంది. భార్యాభర్తలిద్దరూ సాక్షులతో స్వయంగా వెళ్లాలి. ఆయన సెలవు ముగిసి వెళ్లిపోయాక ఈ పని గుర్తొచ్చిన జంటలు నాకు తెలుసు, మరో ఏడాది ఆగవలసి వచ్చింది. పెళ్లికి ముహూర్తం పెట్టుకునేటప్పుడే నమోదుకు ఒక రోజు కేటాయించుకోవాలి. ఇప్పటికే ఆయన వెళ్లిపోయి ఉంటే, తరువాతి రాకలో మొదటి వారం ఆ పనికే ఉంచండి.

పోలీసు క్లియరెన్సు పత్రం పాస్‌పోర్టు కార్యాలయం ఇస్తుంది, ఫీజు 500 రూపాయలు. భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉండటం డెల్టావారికి పెద్ద సౌకర్యం. దీనికి మాత్రం తొందరపడకండి. వీసా దరఖాస్తుకు ఈ పత్రం రెండేళ్లే పనికొస్తుంది కాబట్టి, మీ తేదీ దగ్గరపడిందని తెలిశాక తీసుకోవడం మేలు. తెలుగులో మాత్రమే ఉన్న ప్రతి పత్రానికీ అనువాదకుడి ధ్రువీకరణతో ఇంగ్లీషు అనువాదం జత చేయాలి.

పెళ్లి నిజమైనదని చూపే ఆధారాలను కూడా ఈ రోజుల నుంచే పోగుచేయాలి. శుభలేఖ, రెండు కుటుంబాలూ కలిసి ఉన్న ఫొటోలు, ఆయన వచ్చినప్పటి టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, బీమాలోనో బ్యాంకులోనో ఒకరికొకరు నామినీలుగా ఉన్న పత్రాలు, నెలకు కొన్ని కాల్ వివరాలు. నిరీక్షణ ఏళ్లు సాగినప్పుడు దూరంగా ఉన్నా కాపురం సాగుతోందని చూపవలసి ఉంటుంది. ఆయన మిమ్మల్ని చూడటానికి వచ్చే రాకలు ఒక్కోటీ ఆరు నెలలు దాటకుండా చూసుకోవాలి. అంతకు మించి అమెరికా బయట ఉంటే ఆయన పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగిందన్న ప్రశ్న వస్తుంది.

ఇవన్నీ దాచే చోటు గురించి ఒక మాట. మాది లంక ఊరు కాకపోయినా ఏటిగట్టుకు దగ్గర. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరికే 17.75 లక్షలకు ఇస్తారు. జూలై, ఆగస్టుల్లో వరద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయం ఉండే నేల ఇది. అసలు పత్రాలను బీరువా అడుగు అరలో, ట్రంకు పెట్టెలో ఉంచకండి. నీరు చొరని మూతపెట్టెలో పెట్టి అటక మీద ఉంచండి. స్కాన్ చేసిన ప్రతులు మీ దగ్గర ఒకటి, భర్త దగ్గర ఒకటి ఉండాలి.

డబ్బు లెక్క

2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన రుసుముల ప్రకారం ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద వేస్తే 675. తరువాతి దశలో వీసా దరఖాస్తుకు 325, ఆర్థిక హామీ పత్రం పరిశీలనకు 120. వీసా వచ్చాక గ్రీన్‌కార్డు తయారీ రుసుము 235. ఇవి మారుతుంటాయి కాబట్టి చెల్లించే రోజున మళ్లీ చూసుకోవాలి. వైద్య పరీక్ష, టీకాలు, వీసా ఇంటర్వ్యూకు ముంబై ప్రయాణం వీటికి అదనం.

భర్త కుటుంబ పరిమాణానికి అక్కడి పేదరికపు రేఖలో 125 శాతం ఆదాయం చూపించి, ఐ-864 హామీ ఇవ్వాలి. మీరు ఇక్కడ చేసే ఉద్యోగం అక్కడికి వెళ్లాక కొనసాగదు కాబట్టి ఆ జీతం ఆ లెక్కలోకి రాదు. ఆయన ఆదాయం చాలకపోతే సహ హామీదారును ముందే మాట్లాడుకోవాలి. భర్త మీకు పంపే డబ్బు మీద మీకు పన్ను లేదు. కాని ఆ డబ్బును మీ పేరున డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ ఆయన ఆదాయంలో కలుస్తుందని చాలామందికి తెలియదు.

ఉద్యోగం: మొదటి నెల నుంచే

ముందుగా ఒక భయాన్ని పక్కన పెట్టాలి. "చేరాక వీసా వచ్చేస్తే ఎలా?" అనే భయంతోనే నేను వెనకాడాను. లెక్క చూడండి. వీసా ఇంటర్వ్యూ తేదీ ముందుగానే తెలుస్తుంది. వీసా ముద్ర పడ్డాక అమెరికాలో ప్రవేశించడానికి సాధారణంగా వైద్య పరీక్ష జరిగిన రోజు నుంచి ఆరు నెలల దాకా గడువు ఉంటుంది. అంటే అరవై రోజుల, తొంభై రోజుల నోటీసు కూడా గౌరవంగా పూర్తి చేసి, పని అప్పగించి వెళ్లవచ్చు. వీసా పాస్‌పోర్టులో పడేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయవద్దని, ఆస్తులు అమ్ముకోవద్దని కాన్సులేట్లే చెబుతాయి.

సంతకం పెట్టకూడనిది బాండు, అంటే ఇంతకాలం మానకుండా పని చేస్తానన్న ఒప్పందం. డెల్టా పట్టణాల్లో రెండేళ్ల బాండుతో పాటు అసలు సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకునే సంస్థలు కొన్ని ఉన్నాయి. నేను చేరిన మొదటి చోట అసలు పట్టా అడిగితే, ఎదురు మాట్లాడటానికి మొహమాటపడి ఇచ్చేశాను. మానేశాక దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నాన్న మూడుసార్లు వెళ్లవలసి వచ్చింది. అసలు పత్రం చూపించండి, నకలు ఇవ్వండి, అసలును మీ చేతిలోనే వెనక్కి తెచ్చుకోండి. ఇంటర్వ్యూలో వీసా సంగతి అడిగితే దాచకండి. "భర్త విదేశంలో ఉన్నారు, నా వంతు ఎప్పుడు వస్తుందో తేదీ లేదు, వచ్చినా పూర్తి నోటీసు ఇచ్చి వెళతాను" అని చెప్పాను. ఆ జవాబు విని వద్దన్నవాళ్లున్నారు, తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తీసుకున్నచోట ఆ తరువాత దాపరికం లేకుండా పని చేసుకోగలిగాను.

ఎక్కడ వెతకాలన్నది మీ చదువును బట్టి ఉంటుంది. భీమవరం చుట్టూ ఆక్వా రంగం విస్తరించి ఉంది. రొయ్యల మేత సంస్థలు, హేచరీలు, ఎగుమతి చేసే శుద్ధి కర్మాగారాలకు అకౌంట్స్, నాణ్యత పరీక్ష, ఎగుమతి పత్రాల పని తెలిసినవారు కావాలి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివినవారు హైదరాబాదు వైపే చూస్తూ ఈ ప్రయోగశాలలను మరచిపోతారు. బోధన చేయగలిగినవారికి భీమవరం, తాడేపల్లిగూడెం, రాజమహేంద్రవరం, కాకినాడల్లో ఇంజనీరింగ్ కళాశాలలు దండిగా ఉన్నాయి. జూన్, జూలైలలో కొత్త విద్యా సంవత్సరానికి ముందు నియామకాలు జరుగుతాయి కాబట్టి ఏప్రిల్‌లోనే దరఖాస్తు పంపాలి. రాజమహేంద్రవరం, అమలాపురంలోని వైద్య కళాశాలల ఆసుపత్రులు, కాకినాడ రేవు చుట్టూ ఉన్న సరుకు రవాణా సంస్థలు కూడా చూడదగినవే. అమలాపురానికి రైలు మార్గం లేదు కాబట్టి కోనసీమ నుంచి రోజూ కాకినాడకో రాజమహేంద్రవరానికో వెళ్లి రావాలనుకునేవారు బస్సులో పోయే గంటలను జీతంలోంచి తీసేసి చూసుకోవాలి.

ఇంటి నుంచి చేసే ఉద్యోగమే మీ లక్ష్యమైతే, దరఖాస్తుకంటే ముందు ఇంటిని సిద్ధం చేయండి. ఫైబర్ కనెక్షన్ ఒకటి, అది పోయినప్పుడు వాడుకోవడానికి వేరే కంపెనీ సిమ్ ఒకటి, కంప్యూటరుకూ రూటరుకూ కనీసం నాలుగు గంటలు సరిపోయే ఇన్వర్టర్ ఒకటి ఉండాలి. తుపాను తరువాత స్తంభాలు కూలితే రెండు మూడు రోజులు కరెంటు రాదు. ఆ రోజులకు పట్టణంలో ఏ బంధువుల ఇంటికి వెళతారో ముందే అనుకుని, చేరేటప్పుడే మేనేజరుకు చెప్పండి. అమెరికా వేళల్లో రాత్రి పని చేయవలసి వస్తే, పగలు నిద్రపోయే గది వీధి వైపు కాకుండా పెరటి వైపు చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు మీ పని గంటలు కాగితం మీద రాసి గోడకు అంటించండి. మా అమ్మ ఆ కాగితాన్ని చూపించే ఇంటికొచ్చినవాళ్లకు సర్దిచెప్పేది.

నిరీక్షణలో మరో పని కూడా చేయవచ్చు. అక్కడికి వెళ్లాక మీ వృత్తి చేయడానికి లైసెన్సు కావాలంటే, దాని పరీక్ష ఇక్కడి నుంచే రాయవచ్చేమో చూడండి. నర్సుల ఎన్‌క్లెక్స్ పరీక్ష, అకౌంటెంట్ల అమెరికా సీపీఏ పరీక్ష హైదరాబాదులోనే రాయవచ్చు. చదువుల మదింపుకు విశ్వవిద్యాలయం ముద్రవేసి పంపే ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. డెల్టా కళాశాలల విషయంలో ఏ విశ్వవిద్యాలయాన్ని అడగాలన్నదే చాలామందికి తెలియదు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో, కాకినాడ జేఎన్‌టీయూ 2008లో ఏర్పడ్డాయి. మీ పట్టా మీద ఎవరి ముద్ర ఉందో చూడండి. పాతవారు విశాఖపట్నంలోని ఆంధ్రా విశ్వవిద్యాలయానికో హైదరాబాదు జేఎన్‌టీయూకో వెళ్లవలసి ఉంటుంది. ఇక్కడ ఉండగా మీరు ఒక రోజు వెళ్లి అడిగివచ్చే పనిని, అక్కడికి వెళ్లాక తమ్ముణ్ణో బావగారినో బతిమాలుకుని చేయించుకోవాలి.

వంతు వచ్చాక

పెటిషన్ ఆమోదమయ్యాక కేసు, ఇంటర్వ్యూకు ముందు రుసుములూ కాగితాలూ చూసే నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. ముంబైలో ఇంటర్వ్యూ జరిగే కేసుల నంబరు బి.ఎం.బి. అక్షరాలతో మొదలవుతుంది. హైదరాబాదులో కాన్సులేట్ ఉన్నా వలస వీసాల ఇంటర్వ్యూలు అక్కడ జరగవు. ఊరు మారాక చిరునామా, ఫోను, ఈమెయిలు మార్పును భర్త ద్వారా తెలియజేయండి. వంతు వచ్చిందని తెలిపాక ఏడాది పాటు స్పందించకపోతే కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ సెంటర్‌లో మీ కేసుకు ఉన్న ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డు ఇద్దరి దగ్గరా ఉండాలి.

వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించాలి, మన ఊరి డాక్టరు ఇచ్చిన రిపోర్టు చెల్లదు. అయితే చిన్నప్పటి టీకాల కార్డు, తట్టు, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి టీకాల రికార్డు ఉంటే ఇక్కడి నుంచే సిద్ధం చేసుకోండి. ఎప్పుడైనా క్షయకు మందులు వాడి ఉంటే ఆ చికిత్స కాగితాలన్నీ తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో అనుమానం వస్తే చేసే కఫం కల్చర్‌కు ఎనిమిది వారాలు పడుతుంది. గర్భవతులు ముందే వైద్యులకు చెప్పాలి.

ముంబైకి రాజమహేంద్రవరం నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది, కాని రైలు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందే చేరుకునేలా బయలుదేరండి. తుపాను కాలమైతే మరో రోజు కలుపుకోండి. కాన్సులేట్ బాంద్రా కుర్లా కాంప్లెక్సులో ఉంది. ఇంటర్వ్యూలో భర్త ఉద్యోగం, ఆయన ఉండే ఊరు, చివరిసారి ఎప్పుడు కలిశారు, పెళ్లెలా కుదిరింది వంటివి అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు అక్కడి అధికారులకు కొత్త కాదు, ఎవరు సంబంధం చెప్పారో, పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయో ఉన్నదున్నట్లు చెప్పండి.

వీసా ముద్ర పడి పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజున రాజీనామా పంపండి, ఆ తరువాతే టికెట్టు తీసుకోండి. పెళ్లయి రెండేళ్లు నిండకుండా అమెరికాలో అడుగుపెడితే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు, దాని గడువుకు ముందు తొంభై రోజుల్లో, షరతు తొలగించమని కోరే ఐ-751 దరఖాస్తు వేయాలి. కొద్ది వారాల్లో రెండేళ్లు నిండుతుంటే, వీసా గడువు లోపలే ప్రయాణం కాస్త వెనక్కి జరుపుకుంటే ఆ పని తప్పుతుంది.

బయలుదేరే ముందు వారంలో బ్యాంకుకు వెళ్లి, పొదుపు ఖాతాను, విదేశాల్లో ఉండే భారతీయులకు ఇచ్చే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చడానికి ఏమేం కావాలో కనుక్కోండి. బ్యాంకు, ఆధార్, పీఎఫ్ అన్నీ ముడిపడి ఉన్న ఫోను నంబరును మాత్రం వదులుకోకండి. విదేశంలోనూ సందేశాలు అందేలా రోమింగ్ చేయించుకుని, రీఛార్జి గడువు తేదీని నాన్నకో తమ్ముడికో రాసి ఇచ్చి వెళ్లండి. ఓటీపీ అందని నంబరుతో అక్కడి నుంచి ఇక్కడి పని ఏదీ జరగదు.